ఈమ్యాక్స్‌ల సెట్‌క్యూ తీసి సెటాప్ట్ పెట్టినంక

మిర్యాలగూడల రైస్ మిల్లు లెక్కలు చూస్త నేను, కాటా కాడి తూకాల ఫైలు ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ల తెరిచి పెడ్త, అది మారంగనే నా దగ్గర గూడ మారాలె, దానికే ఆటో రివర్ట్, ఫైలు మారితే తెరిచినదాన్ని తనంతట తనే తాజా జేసే మోడ్. మామూలుగ 5 సెకన్లకోసారి చూస్తది, నాకు 1 గావాలని ఇనిట్ ఫైల్ల (ఈమ్యాక్స్ మొదలైనప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) సెట్‌క్యూతోని, అంటే వేరియబుల్‌కు విలువ పెట్టే ఆదేశంతోని రాసిన, 1కి డబుల్ కోట్స్ పెట్టిన, అది అంకె గాక స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాలు, అయింది. సెట్‌క్యూ ఏమనలే. మోడ్ ఆన్ జేస్తే మాత్రం సరిగ్గ నడ్వలే, తప్పేమో ఇనిట్ ఫైల్ల, తిప్పలు ఇంకోకాడ, రెండు రాత్రులు పోయినయ్.

నల్లగొండ నుంచి తమ్ముడు ఫోన్ జేసి "అన్నా, సెటాప్ట్ పెట్టి చూడరాదే" అన్నడు. ఇది గూడ విలువ పెట్టే ఆదేశమే, కానీ విలువ రకం (టైపు) గూడ చూస్తది, 2023ల వచ్చిన ఈమ్యాక్స్ 29వ వెర్షన్ల ఉంది. పెట్టంగనే, ఈ విలువ టైపుకు సరిపోదని వార్నింగ్! కానీ జాగ్రత్త, వార్నింగిచ్చినా తప్పు విలువనే సెట్ జేస్తది, ఆపది. ఇంకోటి, లైబ్రరీ, అంటే ఆ మోడ్ కోడున్న ఫైలు, లోడ్ గాకముందు టైపేందో దానికి ఎరుకుండదు, గందుకే పైన రిక్వైర్ (దాన్ని ముందుగాల లోడ్ జేసే లైను) పెట్టిన.

కోట్స్ తీసేసిన, అయిపోయింది. మోడ్ నడుస్తుండంగ విలువ మార్చినా సెటాప్ట్ టైమర్‌ను గూడ కొత్తగ పెడ్తది, సెట్‌క్యూతోని అట్ల గాదు, నాకు ఇదే మస్తు నచ్చింది.