పి62 అంటే ఏ ప్రోటీన్? బరువుతో పెట్టిన పేర్ల చిక్కు విప్పడం

పి53, పి38, పి62 లాంటి పేర్లలో ‘పి’ అంటే ప్రోటీన్. పక్కనున్న అంకె ఎస్‌డీఎస్-పేజ్ జెల్‌లో (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్) బ్యాండు ఎన్ని కిలోడాల్టన్ల (అణుబరువు కొలత) దగ్గర కనిపించిందో చెబుతుంది, అంతే. దాన్ని అసలు బరువు అనుకోవద్దు. మనిషి పి53లో 393 అమైనో ఆమ్లాలున్నాయి. ఒక్కోటి సగటున 110 డాల్టన్లు వేసుకుంటే మొత్తం 43 కిలోడాల్టన్ల చుట్టుపక్కలే వస్తుంది. ప్రోలిన్లు ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా కదిలి 53 దగ్గర ఆగుతుంది.

అసలు ఇబ్బంది ఒకే అంకెను చాలా ప్రోటీన్లు పంచుకోవడం. పి62 అని రాసి ఉంటే అది ఎస్‌క్యూఎస్‌టీఎం1 కావచ్చు, కేంద్రక రంధ్రంలోని నప్62 కావచ్చు, టీఎఫ్‌ఐఐహెచ్‌లో ఒక భాగమూ కావచ్చు. ముందు వ్యాసంలో దాని పక్కన ఏమేం ప్రస్తావించారో చూడండి. ఆటోఫజీ (కణం తన పాత భాగాలను తానే జీర్ణించుకోవడం), అందులో పాల్గొనే ఎల్‌సీ3 ప్రోటీన్ కనిపిస్తే దాదాపు ఎస్‌క్యూఎస్‌టీఎం1 అన్నట్టే. ఖాయం చేసుకోవాలంటే పద్ధతుల విభాగంలో యాంటీబాడీ క్యాటలాగ్ నంబరు పట్టుకుని, దాని వివరాల్లో ఇచ్చిన యూనిప్రాట్ (ప్రోటీన్ల డేటాబేస్) సంఖ్య చూడండి: మనిషి ఎస్‌క్యూఎస్‌టీఎం1 అయితే క్యూ13501, నప్62 అయితే పీ37198.

పి21 మరీ మోసం. కణ విభజనను నడిపే సైక్లిన్ల పక్కనుంటే దాన్ని ఆపే సీడీకేఎన్1ఏ, క్యాన్సర్‌తో ముడిపడిన రాస్ ప్రోటీన్ గురించిన పాత వ్యాసాల్లో అయితే రాస్. ‘పి21 యాక్టివేటెడ్ కైనేజ్’ అన్నప్పుడు అందులోని పి21 ఈ రెండూ కాదు, రాక్, సీడీసీ42 అనే చిన్న జీటీపేజ్‌లు (కణంలో సంకేతాలు నడిపే ప్రోటీన్లు).

జీవి పేరు తప్పక చూడాలి. మనిషిలో పి14ఏఆర్‌ఎఫ్ అనేది ఎలుకలో పి19ఏఆర్‌ఎఫ్. ఐఎన్‌కే4డీ అనే మరో ప్రోటీన్‌ను కూడా పి19 అంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ముందక్షరాలూ పట్టించుకోండి. జీపీ120లో జీపీ అంటే గ్లైకోప్రోటీన్. ‘పి-పి38’లో మొదటి పి ఫాస్ఫేట్ చేరిందని చెబుతుంది, గీత ఎగిరిపోతే అర్థమే మారుతుంది. పీయూసీ19 ప్రోటీనే కాదు, ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ).

జన్యు సంకేతం (జన్యువు అధికారిక పొట్టి పేరు) రాసేస్తే సరిపోతుందా అంటే, ఎప్పుడూ కాదు. సీడీకేఎన్2ఏ ఒక్క జన్యువు నుంచే పి16ఐఎన్‌కే4ఏ, పి14ఏఆర్‌ఎఫ్ రెండూ వస్తాయి; చదివే చట్రం (డీఎన్‌ఏ అక్షరాలను మూడేసి చొప్పున ఎక్కడి నుంచి చదవాలన్నది) వేరు కాబట్టి వాటి అమైనో ఆమ్ల వరుసలకు పోలికే లేదు. అందుకే మొదటి ప్రస్తావనలో జీవి, జన్యు సంకేతం, యూనిప్రాట్ సంఖ్య, వాడుక పేరు అన్నీ కలిపి రాయండి. ఎవరి పట్టికలోనైనా తేలని పేరు ఉంటే ఊహించి మార్చకండి. ఉన్నదున్నట్టు ఉంచి పక్క గడిలో ‘నిర్ధారణ కాలేదు’ అని రాయండి.

బ్లాట్‌లో (జెల్‌లోని ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) బ్యాండు అనుకున్న చోట రాకపోతే, ఆ ప్రోటీన్ జన్యువు తీసేసిన కణాల లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) పక్క గాడిలో నడపండి. అక్కడా అదే బ్యాండు వస్తే అది మీ ప్రోటీన్ కాదు.