ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, ఆ ఇంటివాళ్ళు ఆరాధన అయ్యేదాకా మీ సంఘంలో కూర్చోవాలంటే

ఈ పరిచర్య మొదలుపెట్టాలనుకుంటే ముందే గది వెతకొద్దు, బొమ్మలు కొనొద్దు, బ్యానర్ అసలే వేయించొద్దు. ఒక కాగితం తీసుకుని ఆదివారం రాని కుటుంబాల పేర్లు రాయండి. పెళ్ళైన కొత్తలో ప్రతివారం ముందు వరసలో కూర్చున్నవాళ్ళు, బిడ్డ పుట్టిన రెండు మూడేళ్ళకి మెల్లగా తగ్గిపోయి ఇప్పుడు క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి మాత్రమే, అదీ అమ్మ ఒక్కతే లేదంటే నాన్న ఒక్కడే కనిపించేవాళ్ళు. ఎందుకు రావట్లేదని అడిగితే "బాబు కుదురుగా ఉండడక్కా, అందరికీ ఇబ్బంది" అంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, బుద్ధిమాంద్యం, వినికిడి లోపం... పేరు ఏదైనా ఆ ఇంట్లో ఆదివారం ఉదయం జరిగేది దాదాపు ఒకటే: ఒకరు చర్చికి తయారవుతారు, ఒకరు ఇంట్లో ఉండిపోతారు.

పని సాగుతోందా లేదా అని తెలుసుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను: ఆ తల్లి మొదటి పాట నుంచి ఆఖరి ఆశీర్వాదం దాకా లేవకుండా కూర్చుందా? కింద రాసినవన్నీ దానికోసమే.

పాస్టర్ గారితో ముందుగా మాట్లాడాల్సిన సంగతి

మందిరంలో వినపడే మాటలు మారకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా. ఈ తల్లిదండ్రుల్లో చాలామంది "ఏ పాపం చేశారో", "విశ్వాసం చాల్లేదేమో" అన్న మాటలు సొంత బంధువుల దగ్గరా, తోటి విశ్వాసుల దగ్గరా విని ఉంటారు. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగింది కూడా అదే, ఇతను పాపం చేశాడా, కన్నవాళ్ళు చేశారా అని. ఎవరూ కాదన్నాడు యేసు. యోహాను సువార్త 9వ అధ్యాయం. మీరు పని మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం ఈ భాగం మీదే వాక్యం చెప్పమని అయ్యగారిని అడగండి, సంఘమంతా ఒకేసారి వినాలి.

స్వస్థత ప్రార్థన వద్దని నేను అనను. కానీ బిడ్డని స్టేజి మీదకి లాగడం, తల మీద చెయ్యి పెట్టి గట్టిగా అరవడం, ఫిట్స్ వస్తే దెయ్యమని గద్దించడం, ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టడం, ఇవి ఆగాలి. తాకితేనే తట్టుకోలేని పిల్లలు ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామంది ఉంటారు, అలాంటి బిడ్డకి ఆ ప్రార్థన ఒక భయంగా మిగిలిపోతుంది, మళ్ళీ గుమ్మం దగ్గరికి రమ్మన్నా రాడు. ప్రార్థన చేసే ముందు "దేని గురించి ప్రార్థించమంటారమ్మా?" అని తల్లిని అడగండి. రాత్రి నాలుగు గంటలైనా పడుకోవాలని అంటుంది, స్కూల్లో సీటు దొరకాలని అంటుంది, భర్త కోపం తగ్గాలని అంటుంది. వాటి కోసం చేయండి.

ఇంకొకటి, దీన్ని పాస్టర్ గారే తన నోటితో చెప్పాలి: ప్రార్థన చేయించుకున్నాం కదా అని ఫిట్స్ మాత్రలు ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి రావచ్చు.

మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు

పదిమంది వెళ్ళొద్దు. ఇద్దరు చాలు, అందులో ఒకరు ఆడవాళ్ళు ఉండాలి. ముందు ఫోన్ చేసి, బిడ్డకి ఏ టైం బాగుంటుందో అడిగి అప్పుడు వెళ్ళండి. కూర్చోగానే "ఏం జబ్బు? డాక్టర్ ఏమన్నాడు?" అని మొదలుపెట్టకండి, ఆ కథ వాళ్ళు ఇప్పటికే ఎంతోమందికి చెప్పి అలసిపోయి ఉంటారు. బిడ్డ పేరు పెట్టి పలకరించండి, జవాబు రాకపోయినా సరే. ఆ తర్వాత ఒక పేజీలో ఇవి రాసుకోండి: ఏమంటే ఇష్టం, దేనికి భయం, ఆకలి వేసినా బాత్రూంకి వెళ్ళాలన్నా ఎలా తెలియజేస్తాడు, ఏం తినకూడదు, ఫిట్స్ వస్తాయా, కోపం వచ్చినప్పుడు ఏం చేస్తే తగ్గుతుంది, మందిరంలో ఏది జరిగితే బయటికి పరిగెత్తాలనిపిస్తుంది. ఈ కాగితం బిడ్డని చూసుకునేవాళ్ళ దగ్గర మాత్రమే ఉండాలి. సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన అంశం" పేరుతో ఈ వివరాలు పెట్టకండి.

ఆదివారం రోజు

మన చర్చిల్లో పెద్ద సమస్య సౌండ్. ముప్ఫై మంది పట్టే షెడ్డులో కూడా రెండు పెద్ద బాక్సులు, ప్యాడ్స్, కీబోర్డ్, పైగా మధ్యమధ్యలో మైకు కూత. మనకి అలవాటైపోయింది గానీ, శబ్దాన్ని తట్టుకోలేని బిడ్డకి అది నిజంగా నొప్పి. చేయగలిగినవి ఉన్నాయి. సౌండ్ చూసే తమ్ముడిని కూర్చోబెట్టి మాట్లాడండి, మొదటి పాటకే వాల్యూమ్ తగ్గించమనండి. బాక్సులకి దూరంగా, ఫ్యాను గాలి తగిలేచోట, గుమ్మానికి దగ్గరగా ఆ కుటుంబానికి ఒక చోటు ఖాయం చేయండి, ప్రతివారం అదే చోటు. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ రెండు జతలు కొని ఉంచండి. పాటలు అయ్యాక వాక్యం సమయానికి వస్తామంటే అలాగే రానివ్వండి, ఆలస్యమని ఎవరూ ముఖం ముడవకూడదు. పుట్టినరోజు బెలూన్లు, క్రిస్మస్‌కి మిణుకుమిణుకుమనే సీరియల్ లైట్లు ఉన్న రోజైతే ముందే ఫోన్ చేసి చెప్పండి.

బిడ్డ అరిస్తే? అరుస్తాడు. ఆ క్షణంలో సంఘమంతా ఒక్కసారిగా వెనక్కి తిరగడమే ఆ తల్లిని లేపి బయటికి పంపిస్తుంది. పాస్టర్ గారు వాక్యం ఆపకుండా కొనసాగించాలి. మొదటి వారాల్లో "ఈ బిడ్డ గొంతు కూడా మన ఆరాధనలో భాగమే, ఎవరూ వెనక్కి చూడాల్సిన పని లేదు" అని ఒక్కసారి ప్రేమగా చెప్తే చాలు, మా వైపు అలా చెప్పిన చోట రెండు మూడు వారాలకే జనం అలవాటు పడ్డారు.

వీల్‌చైర్ ఉంటే మెట్ల పక్కన ర్యాంపు కావాలి. ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు అని లెక్క. నిటారుగా చెక్క వేసి తోస్తే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. చాపల మీద కూర్చునే మందిరాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకి వీపు ఆనడానికి గోడ మూల, దిండ్లు చూడండి.

తోడు ఉండేవాళ్ళు

పక్షవాతం ఉన్న మనిషిని కప్పు విప్పి యేసు ముందు దించినవాళ్ళు నలుగురు. ఒక్క బిడ్డకి తోడుగా మీకూ నలుగురు కావాలి, ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుంటే ఎవరూ అలిసిపోయి మానేయరు. కాకపోతే మొదటి రెండు నెలలు ముఖాలు మార్చకండి, ఈ పిల్లల్లో చాలామందికి కొత్త మనిషంటేనే టెన్షన్. యవనస్తుల్లో ఓపిక ఉన్నవాళ్ళని అడగండి, నర్సింగ్ చదివేవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు సంఘంలో ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ మొహమాటం పనికిరాదు. మాట్లాడలేని బిడ్డ తనకి ఏం జరిగిందో చెప్పలేడు. అందుకే ఏ పెద్దమనిషైనా బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, గది తలుపు తెరిచే ఉండాలి. బాత్రూంకి తీసుకెళ్ళడం, బట్టలు మార్చడం అమ్మానాన్నలే చేయాలి, లేదా వాళ్ళు ఒప్పుకున్న మనిషి, పక్కన ఇంకొకరు ఉండగా. ఈ నియమం సంఘ పెద్దకీ పాస్టర్ గారికీ కూడా వర్తిస్తుంది. బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం వస్తే సంఘంలోనే సర్దుకుందామని దాచిపెట్టడం కుదరదు, పిల్లల్ని అలాంటి నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పాల్సిందే. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఫిట్స్ వస్తే ఏం చేయాలో తోడు ఉండేవాళ్ళందరికీ నేర్పండి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, చుట్టూ జనాన్ని దూరం జరపాలి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడాలి. నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్ళు గానీ పెట్టకూడదు. చేతిలో తాళాలు, ఇనుము పెడితే తగ్గుతుందన్నది నిజం కాదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

సండే స్కూల్లో

వీలైనంత వరకు మిగతా పిల్లలతోనే కూర్చోబెట్టండి. విడిగా గది అనేది అలసిపోయినప్పుడు వెళ్ళి కాసేపు నెమ్మదించడానికి ఉండాలి, రోజంతా ఉంచడానికి కాదు.

ఒక అట్ట మీద వరసగా నాలుగు ఐదు బొమ్మలు అతికించండి: ప్రార్థన, పాట, కథ, రంగులు, ఇల్లు. ఒకటి అయిపోగానే ఆ బొమ్మ తీసి బిడ్డ చేతికివ్వండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే గొడవ చాలావరకు ఉండదు. మాట చిన్నగా ఉండాలి, "ముందు కథ, తర్వాత బిస్కెట్" అన్నంత చిన్నగా, చెప్పాక పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి, జవాబు రావడానికి వాళ్ళకి టైం పడుతుంది. ఐదు రొట్టెల కథ చెప్తుంటే నిజంగా రొట్టె ముక్క చేతిలో పెట్టండి, నోవహు ఓడ అయితే బేసిన్‌లో నీళ్ళు. కంఠత వాక్యాల పోటీలో ఈ బిడ్డని వెనకబెట్టొద్దు, వాక్యం చెప్పలేనివాడు ఆ వాక్యం బొమ్మ చూపించినా బహుమతి ఇవ్వండి. మిగతా పిల్లలు అడిగే ప్రశ్నలకి దాచకుండా జవాబు చెప్పండి: "తను మాట్లాడడు, కానీ వింటాడు. నువ్వు బంతి ఇస్తే ఆడతాడు." పిల్లలు మనకన్నా తొందరగా నేర్చుకుంటారు. వెక్కిరింత వినపడితే మాత్రం ఆ రోజే ఆపాలి.

క్రిస్మస్ ప్రోగ్రాంలో గొర్రెల కాపరిగానో, నక్షత్రం పట్టుకునే మనిషిగానో ఒక చోటు ఇవ్వండి. జాలితో చివర్లో స్టేజి ఎక్కించి చప్పట్లు కొట్టించడం వేరు, అందరితో పాటు రిహార్సల్‌కి పిలవడం వేరు.

వారం మధ్యలో

ఆదివారం రెండు గంటలు చూసుకుని వదిలేస్తే సగం పనే. నెలకి ఒక శనివారం సాయంత్రం ఇద్దరు వెళ్ళి బిడ్డ దగ్గర ఉంటే అమ్మానాన్న బజారుకో పెళ్ళికో వెళ్ళొస్తారు. అన్నయ్యో చెల్లో ఉంటే వాళ్ళనీ పట్టించుకోండి, ఆ పిల్లలు చాలా విషయాలు మనసులోనే పెట్టుకుంటారు. నాన్నతో సంఘంలోని మగవాళ్ళు మాట్లాడాలి, మన దగ్గర ఈ పని ఎవరూ చేయరు, ఆయన బాధంతా మౌనంగానో మందుగానో మారుతుంది.

కాగితాల పనిలో తోడు వెళ్ళడం కూడా పరిచర్యే. వైకల్య సర్టిఫికెట్‌కి స్లాట్ బుక్ చేయాలి, ఆంధ్రలో సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో అడగండి. యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు), పింఛను, బస్ పాస్ అన్నీ ఆ సర్టిఫికెట్ మీదే నడుస్తాయి, చాలావాటికి కనీసం 40 శాతం ఉండాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. చిన్నపిల్లలైతే జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా గుర్తించి చూసే డీఈఐసీ కేంద్రానికి తీసుకెళ్ళండి, ఎంత తొందరగా థెరపీ మొదలైతే అంత మంచిది. మండలాల్లో ఇలాంటి పిల్లలకి చదువు, థెరపీ ఇచ్చే భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసమే పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి దగ్గర.

స్కూల్ వాళ్ళు సీటు ఇవ్వకపోతే తల్లిని ఒంటరిగా పంపకండి, సంఘ పెద్ద ఒకరు కూడా వెళ్ళాలి. 40 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. మీ సంఘానికో మిషన్‌కో సొంత స్కూల్ ఉంటే ముందు అక్కడ తలుపు తెరిపించండి. ఆదివారం ఆ బిడ్డని దీవించి సోమవారం అదే ఆవరణలో సీటు లేదనడం నాకు మింగుడుపడదు.

పెద్దయ్యాక

పిల్లలు ఎదుగుతారు, బల్ల ఆరాధనలో వీళ్ళకి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వొచ్చా అన్న ప్రశ్న వస్తుంది. బాప్తిస్మమైనా కన్ఫర్మేషనైనా మీ సంఘ క్రమం ఏదైతే అది, నోటితో ఒప్పుకోలేని బిడ్డ తల ఊపి, బొమ్మ చూపించి, చెయ్యి పట్టుకుని కూడా ఒప్పుకోగలడు, పాస్టర్ గారు అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడి నిర్ణయించాలి. మింగడం కష్టమైన బిడ్డకి రొట్టె చిన్న ముక్క ద్రాక్షరసంలో నానబెట్టి ఇవ్వండి, ఎలా ఇవ్వాలో తల్లికి తెలుసు. కానుక సంచి పట్టుకోవడం, పాటల పుస్తకాలు పంచడం, గంట కొట్టడం లాంటి ఒక పని ఆ అబ్బాయి పేరు మీదే రాయండి.

"మేం పోయాక వీడిని ఎవరు చూస్తారు" అన్నది ఈ తల్లిదండ్రులు పైకి అనకపోయినా రోజూ మోసే ప్రశ్న. 18 నిండాక ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న బిడ్డలకి చట్టప్రకారం సంరక్షకుడిని నియమించే స్థానిక కమిటీ జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉంటుంది, నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద. దరఖాస్తుకి ఏ కాగితాలు కావాలో పదిహేడో ఏటే కనుక్కోండి, అమ్మానాన్నల తర్వాత ఎవరి పేరు అని ఆ ఇంటివాళ్ళతో మాట్లాడండి. బంధువుల్లో ఎవరూ ముందుకి రాకపోతే సంఘంలో ఏ కుటుంబం నిలబడగలదో, నిజంగా నిలబడగలదో, పెద్దలు కూర్చుని తేల్చండి, తేల్చింది కాగితం మీద పెట్టి ఆ అమ్మ చేతికి ఒక కాపీ ఇవ్వండి.