అగేట్ రాయి మెరిసినా గీతలు పోకపోతే

అగేట్ క్యాబొషాన్‌కి (పైభాగం నున్నగా ఉబ్బెత్తుగా చెక్కిన రాయికి) సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడితో ఎంత పాలిష్ పట్టినా లైటు కింద సన్నటి గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. లోపం పాలిష్‌లో లేదు. 220 గ్రిట్ (గ్రిట్ అంటే అరగదీసే రేణువుల సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం) వేసిన గీతలు 600లో పూర్తిగా పోలేదు. తడి రాయి మీద నీటి పొర గీతల్ని కప్పేస్తుంది, అందుకే ముందే కంటపడలేదు.

మళ్ళీ 600కి వెళ్ళాను. కాసేపు అరగదీయడం, తుడిచి పూర్తిగా ఆరనివ్వడం, 10 రెట్ల భూతద్దంతో చూడడం. అంచు వంపు దగ్గరే గీతలు మొండికేస్తాయి. తర్వాత 1200, 3000. గ్రిట్ మార్చినప్పుడల్లా రాయినీ, దాన్ని మైనంతో అంటించి పట్టుకునే డాప్ పుల్లనీ, గోళ్ళ సందుల్నీ బ్రష్‌తో కడిగాను. కొత్త గీత పడడానికి ఒక్క ముతక రేణువు చాలు.

చివరికి తోలు ప్యాడ్ మీద సీరియం. తోలు కాస్త ఆరి రాయిని పట్టి లాగుతున్నప్పుడే అసలు మెరుపు వస్తుంది. అప్పుడే రాయి వేడెక్కి డాప్ మైనం మెత్తబడుతుంది కూడా, వేలితో తాకి చూస్తుండాలి.