ఇటుకల గుమ్మటం ఓవెన్ కట్టుకోవడం ఎలా?

గుమ్మటం ఆకారపు ఓవెన్‌లో రొట్టెను కాల్చేది ప్రధానంగా ఇటుకల్లో నిలిచిన వేడి. కట్టెలు మండుతున్నంతసేపు నేల, గోడ ఆ వేడిని పీల్చుకుని, మంట తగ్గిన తర్వాత నెమ్మదిగా తిరిగి ఇస్తాయి. అందుకే కట్టేవారు రెండు విషయాల మీద శ్రద్ధ పెట్టాలి: ఆ వేడి బయటికి పోకుండా చూడడం, కట్టడంలోని తడిని తొందరపడకుండా ఆరనివ్వడం.

పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా వెలువడుతుంది కనుక ఓవెన్‌ను ఆరుబయటే, చెక్క కట్టడాలకు దూరంగా కట్టాలి. నిలబడి పనిచేసుకోవడానికి వీలుగా ఓవెన్ నేల సుమారు ఒక మీటరు ఎత్తులో ఉండేలా దిమ్మె కట్టి, దానిపై 10 సెం.మీ. మందంతో, ఇనుప ఊచలు వేసి కాంక్రీటు పలక పోయాలి. పలక మీద 1 పాలు సిమెంటుకు 5 పాళ్లు వర్మిక్యులైట్ (వేడిని దిగనివ్వని తేలికపాటి ఖనిజం) కలిపి 10 సెం.మీ. పొర వేయాలి. పైకి కనిపించదు కదా అని చాలామంది ఈ పొరను వదిలేస్తారు; అప్పుడు వేడి కింది కాంక్రీటులోకి దిగిపోయి, ఎంత మంట వేసినా రొట్టె అడుగు పచ్చిగానే మిగులుతుంది.

ఈ పొర గట్టిపడ్డాక ఇసుక, ఫైర్ క్లే (అధిక వేడిని తట్టుకునే బంకమట్టి) పొడిగా కలిపి పలుచగా పరిచి, దానిపై ఫైర్ బ్రిక్స్‌ను (అలాంటి మట్టితో చేసిన ఇటుకలను) మాలు లేకుండా ఒకదానికొకటి ఆనించి పేర్చాలి. వేడికి ఇటుకలు సాగి మళ్లీ కుంచించుకుంటాయి కాబట్టి వాటిని అతికించకపోవడమే మంచిది. పగిలిన ఇటుకను తీసి మార్చడం కూడా సులువవుతుంది. రసమట్టంతో చూసుకున్నా సరే, చివరగా తాపీని నేల మీద అడ్డంగా, నిలువుగా జరిపి చూడాలి. ఎక్కడ తగిలి ఆగితే అక్కడ ఇటుక అంచు లేచి ఉన్నట్టే. రేపు రొట్టె తీసే పలక కూడా అక్కడే తగులుతుంది.

లోపలి వ్యాసం 90 సెం.మీ. అనుకుంటే గుమ్మటం ఎత్తు 45 సెం.మీ. అవుతుంది. ద్వారం ఎత్తు ఇందులో సుమారు 63 శాతం, అంటే దాదాపు 28 సెం.మీ. ఉండాలి. అంతకన్నా ఎత్తైతే పైన నిలవాల్సిన వేడి గాలి జారిపోతుంది, మరీ తక్కువైతే మంటకు గాలి ఆడదు. పొగ గొట్టం గుమ్మటం నడినెత్తిన కాకుండా ద్వారానికి ముందు భాగాన రావాలి.

గుమ్మటానికి ఇటుకలను సగానికి కోసి వాడాలి. కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి తడి కోత యంత్రం, మాస్కు రెండూ తప్పనిసరి. మాలుకు 3 పాళ్ల ఇసుక, సిమెంటు, సున్నం, ఫైర్ క్లే ఒక్కొక్క పాలు కలిపితే సరిపోతుంది. నేల నడిమధ్యలో అన్ని వైపులా తిరిగేలా ఒక ఊచను బిగించి, నడిమధ్య నుంచి దాని కొస 45 సెం.మీ. దూరంలో ఉండేలా చూసుకోవాలి. ప్రతి ఇటుక లోపలి ముఖం ఆ కొసకు ఆనితే వరుస తప్పదు. ఇటుకల లోపలి అంచులు దాదాపు తాకుతూ ఉండాలి, వెలుపల ఏర్పడే సందును మాలుతో నింపాలి. పై వరుస అతుకులు కింది వరుస అతుకుల మీద పడకూడదు. ఒక వరుస పూర్తిగా చుట్టూ కలిశాక తనంతట తానే నిలుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఇటుకలు జారుతాయి కనుక, చివరి కొన్ని వరుసలకు లోపల తడి ఇసుకను గుట్టగా పోసి ఆసరా ఇవ్వాలి.

కట్టడాన్ని ఒక వారం తడి గోనెలతో కప్పి ఉంచి, మరో వారం ఆరనివ్వాలి. ఆ తర్వాత వేడిని బయటికి పోనివ్వని సిరామిక్ ఫైబర్ (పింగాణీ లాంటి పదార్థపు సన్నని పోగులు) దుప్పటిని 2.5 సెం.మీ. మందంతో రెండు మూడు పొరలుగా చుట్టాలి. ఇక్కడ కూడా మాస్కు, చేతి తొడుగులు తీయకూడదు.

ఇక మంట. నేను కట్టిన మొదటి ఓవెన్‌లో మూడో రోజే పెద్ద మంట వేశాను. ద్వారం కమాను నుంచి నడినెత్తి దాకా టప్పున పగులు పాకింది. ఇటుకలో దాగిన నీరు ఆవిరై తప్పించుకునే దారి లేకపోతే జరిగేది ఇదే. మొదటి రోజు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కొన్ని గంటలు నిలిపి, రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుతూ వారం రోజులు చిన్న మంటలే వేయాలి. సాయంత్రం దుప్పటి అంచు ఎత్తి వేలితో తాకి, తడి తగిలితే మరునాడు వేడి పెంచకుండా అదే మంట మళ్లీ వేయాలి. వెంట్రుకవాసి బీటలు సహజమే.

తడి పూర్తిగా పోయాకే దుప్పటిపై వర్మిక్యులైట్ పూత, ఆపైన వాన నీరు దిగని పూత వేయాలి. వంటకు రంగు వేయని ఎండు కట్టెలే వాడాలి. మొదట మసితో నల్లబడిన గుమ్మటం లోపలి భాగం, వేడి బాగా పెరిగాక మసి కాలిపోయి తెల్లగా తేలుతుంది. నిప్పులు పక్కకు నెట్టి రొట్టె పెట్టవలసిన సమయం అదే.