నంబర్ లేని సర్జ్ పార్ట్‌ను కేబుల్ లైన్‌కు పెట్టే ముందు ఇట్ల చెక్ చేయండి

ఎండకాలం చివర్ల ఉరుములు మొదలైనయంటే మన నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కు సెటప్ బాక్సులు, మోడెంలు పోవుడు షురూ అయితది, కేబుల్ పోల్ మీదికెళ్లి, బంగ్లాల మీదికెళ్లి వస్తది కదా, పిడుగు దగ్గర్ల ఎక్కడ పడ్డా దాంట్ల వోల్టేజ్ పుడ్తది. అందుకని పాత బోర్డుల నుంచి పీకిన సర్జ్ పార్ట్‌లు, అంటే ఒక్కసారే పెరిగిన వోల్టేజ్‌ను ఎర్త్‌కు మళ్లించేవి, పెడ్తుంటరు, వాటి మీద నంబర్ చెరిగిపోయి ఉంటది. ఏందో తెల్వకుండ మాత్రం పెట్టొద్దు.

మొదలు కంటితోని చూడండి. చిన్న పింగాణీ గొట్టం, రెండు చివర్ల మెటల్ మూతలుంటే గ్యాస్ ట్యూబ్ (లోపల గ్యాస్ నింపి ఉంటది). నీలం రంగు లేకపోతే పసుపు రంగు బిళ్ల అయితే ఎంఓవీ (మెటల్ ఆక్సైడ్ వారిస్టర్). డయోడ్ లెక్కుంటే టీవీఎస్ (సర్జ్‌ను ఆపే డయోడ్). కానీ హై వోల్టేజ్ డిస్క్ కెపాసిటర్ గూడ అచ్చం ఎంఓవీ లెక్కనే ఉంటది, కాబట్టి చూపును నమ్ముకోవద్దు.

బోర్డు నుంచి తీసి కెపాసిటెన్స్ (ఛార్జ్ పట్టి ఉంచే గుణం, పీకోఫారడ్లల్ల కొలుస్తరు) కొలవండి, కేబుల్ లైన్‌కు పనికొస్తదా లేదా ఇక్కడే తెలుస్తది. గ్యాస్ ట్యూబ్ ఒక పీకోఫారడ్ అటూఇటూ, మామూలు మీటర్‌ల సున్నానే వస్తది. ఎంఓవీ అయితే వందలు, వేల పీకోఫారడ్లు. మన కేబుల్ 75 ఓమ్స్ లైన్, 500 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పీకోఫారడ్ అంటే 320 ఓమ్స్ అడ్డం, పర్వాలేదు, అదే 1000 పీకోఫారడ్లయితే ఓమ్‌ల మూడో వంతు, అంటే సిగ్నల్ మొత్తం ఎర్త్‌కే పోతది. అందుకే కోయాక్స్‌కు (టీవీ కేబుల్ వైరుకు) గ్యాస్ ట్యూబే, ఎంఓవీ కరెంటు దిక్కుకు మాత్రమే.

ఇగ మల్టీమీటర్‌ను ఓమ్స్‌ల పెడితే మంచి పార్ట్ ఓపెన్ (కరెంటు పోనట్టు) చూపిస్తది, షార్ట్ చూపిస్తే పారేయండి. ఒక దిక్కు పని చేసే టీవీఎస్ డయోడ్ మోడ్‌ల 0.6 దరిదాపు చూపిస్తది. కానీ గ్యాస్ లీకైపోయిన ట్యూబ్ గూడ ఓపెనే చూపిస్తది, కాబట్టి మల్టీమీటర్‌తోని అది మంచిదని చెప్పలేం.

దానికి చేత్తో తిప్పే 500 వోల్ట్ మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్ పుట్టించి ఇన్సులేషన్ చెక్ చేసే మీటర్) కావాలె. పార్ట్‌కు అడ్డంగ డీసీ 1000 రేంజ్‌ల మల్టీమీటర్ పెట్టి మెల్లగ తిప్పండి. ఎంఓవీ అయితే ఒక వోల్టేజ్ దగ్గర రీడింగ్ ఆగి నిలబడ్తది, 471 మార్క్ (47 పక్కన ఒక సున్నా అని అర్థం) ఉన్నదయితే 470 దగ్గర. గ్యాస్ ట్యూబ్ అయితే పైకి పోయి ఒక్కసారే కిందికి పడ్తది, మళ్ల లేస్తది, పడే ముందటి పెద్ద రీడింగే దాని వోల్టేజ్, 90, 230, 350 ఇట్లాంటివి దొరుకుతయి. పార్ట్ పిన్నులను అటుది ఇటు మార్చి రెండు దిక్కుల కొలవండి. పిన్నులు ముట్టుకోకండి, 230 కరెంటుకు డైరెక్ట్‌గ పెట్టి చూసుడు అస్సలు వద్దు.

ఆంప్లిఫయర్‌కు 60 వోల్ట్ ఏసీ పోయే లైన్ల 90 వోల్ట్ ట్యూబ్ పెట్టకండి, 60 ఏసీ పీక్ 85 దాకా పోతది, ట్యూబ్ 20 శాతం తక్కువల గూడ కొట్టొచ్చు (లోపల కరెంటు దాటొచ్చు), ఒకసారి కొడితే మల్ల బందయ్యేది కష్టం.

ఎర్త్ వైరు పొట్టిగ, లావుగ ఉండాలె, ఇంటి మెయిన్ బోర్డు ఎర్త్‌కే కలపాలె, వేరే రాడ్ పాతి దానికొక్కదానికే పెడితే రెండు ఎర్త్‌ల మధ్య వచ్చే వోల్టేజ్ బాక్స్ మీదికెళ్లే పోతది. ఇన్ని చేసినా ఉరుములప్పుడు కేబుల్, ప్లగ్ రెండూ పీకేయండి, మీద పడ్డ పిడుగును ఈ పార్ట్‌లు ఆపయి.