బుధవారం ఒక్కసారి రీస్టార్ట్ కొట్టండి

విండోస్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. మనకు అప్పటికి రాత్రి అవుతుంది కాబట్టి, మర్నాడు పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి చూడండి. "రీస్టార్ట్" అడిగితే అప్పుడే చేసేయండి. ల్యాప్‌టాప్ మూత మూసేస్తే అది నిద్రపోతుందంతే, అప్‌డేట్ పూర్తికాదు.

ఇంత తొందరెందుకంటే, అప్‌డేట్ బయటికి రాగానే హ్యాకర్లు పాత ఫైళ్లనూ కొత్త ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి, విండోస్‌లో ఏ కన్నం, అంటే ఏ భద్రతా లోపం, పూడ్చారో కనిపెట్టేస్తారు. ఇక వాళ్ల గురి పూడ్చుకోనివాళ్ల మీదే. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ఇలాగే విరుచుకుపడింది. ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్‌లో ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. విచిత్రమేమిటంటే, ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది!

పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందని టెన్షనా? "యాక్టివ్ అవర్స్"లో మీ పనివేళలు పెట్టుకోండి, ఆ టైములో దానంతటది రీస్టార్ట్ కాదు. అప్‌డేట్లను మొత్తానికే ఆపేయడం మాత్రం వద్దు.