చెరువులో ఫ్లై ఫిషింగ్‌కి చిన్న పడవ: ముందు అడుగుభాగం వెడల్పు కొలవండి

పడవ చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో టేపు పెట్టుకెళ్ళండి. అమ్మేవాళ్ళు పొడవు చెప్తారు, పైన అంచు దగ్గర వెడల్పు చెప్తారు, మీరు మాత్రం వంగి లోపల అడుగు వెడల్పు కొలవండి. మామూలు గేలం అయితే బెండు చూసుకుంటూ గంటలు కూర్చోవచ్చు, ఫ్లై రాడ్ అలా కాదు, కొక్కేనికి ఈకలు దారం చుట్టిందే ఎర కాబట్టి దానికి బరువుండదు, బరువంతా లైన్‌లోనే ఉంటది, ఆ లైన్‌ని వెనక్కీ ముందుకీ గాల్లో ఆడించి వదలాలి, దీన్నే కాస్ట్ వెయ్యడం అంటారు. కూర్చుని కూడా వెయ్యొచ్చు గానీ తూటికాడ అంచున కొరమీను గుటక వేసిన చోటు కనపడాలన్నా, 50 అడుగుల లైన్ నీళ్ళకి తగలకుండా వెనక్కి పోవాలన్నా నిలబడాల్సిందే. అంటే మనకి కావాల్సింది నీళ్ళ మీద ఒక అరుగు. అడుగు బల్లపరుపుగా ఉన్న పడవ ఎందుకు మంచిదంటే ఇదే కారణం.

నేను మొదట కొన్నది 12 అడుగుల ఫైబర్ పడవ. చూడ్డానికి బాగుంది, తేలిగ్గా పోతుంది, అడుగు మాత్రం 28 అంగుళాలే. గన్నవరం వైపు ఒక చెరువులో మా బావమరిది లేచి రెండో కాస్ట్ వేస్తుంటే పక్కకి ఒరిగి ఇద్దరం నీళ్ళల్లో పడ్డాం. గుండెల్లోతు నీళ్ళు కాబట్టి సరిపోయింది. సీటు కింద ఫోమ్ నింపాం అని అమ్మినాయన చెప్పాడు, ఆ రోజు పడవ అంచు దాకా మునిగాక తెలిసింది లోపల ఏమీ లేదని. ఆ రెండు విషయాలు, అంటే నిలబడే వెడల్పు, మునిగినా తేలడం, ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతావన్నీ తర్వాత అమర్చుకోవచ్చు.

ఒక్కరే వెళ్ళేవాళ్ళకి 8 అడుగుల పడవ చాలు, ఇద్దరికి 10 నుంచి 12 అడుగులు కావాలి, అడుగు వెడల్పు 36 అంగుళాలకి తగ్గకూడదు, ఇద్దరూ నిలబడతారంటే 42 చూడండి. మోసే లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 10 అడుగుల పడవకి నీళ్ళని తాకే భాగం 8 అడుగుల పొడవు 3 అడుగుల వెడల్పు అనుకుంటే 24 చదరపు అడుగులు, అది ఒక అంగుళం దిగితే 2 ఘనపుటడుగుల నీళ్ళు పక్కకి జరుగుతాయి, ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోల పైన, అంటే అంగుళానికి దాదాపు 56 కిలోలు. పడవ 50, ఇద్దరు మనుషులు 150, సామాను 30, మొత్తం 230 కిలోలు, నాలుగు అంగుళాలు దిగుతుంది. పక్క చెక్క ఎత్తు 14 అంగుళాలు ఉంటే పైన 10 మిగిలినట్టు. ఇద్దరూ ఒకే పక్కకి వచ్చి నిలబడినా ఆ పక్కన కనీసం 6 అంగుళాలు నీళ్ళ పైన ఉండాలి, లేకపోతే ఆ పడవ మీకు చిన్నది.

అడుగు చదునుగా ఉంటే మొదట్లో కదలదు, గట్టిగా అనిపిస్తుంది, అయితే ఒక హద్దు దాటి ఒరిగిందంటే ఇక ఆగదు, ఒక్కసారే తిరగబడుతుంది. పైగా అలలకి ముక్కు టపటపా కొట్టుకుంటది. అందుకని ఇది చెరువులకి, చిన్న ట్యాంకులకి, గాలి లేని పొద్దుటి పూటకి సరిపోయే పడవ. పులిచింతల లాంటి 45.77 టీఎంసీల రిజర్వాయర్ మధ్యకి 10 అడుగుల పడవేసుకుని పోవద్దు. పుట్టి అయితే చవకే, జాలర్లు దాని మీద అద్భుతంగా పనిచేస్తారు, కానీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాస్ట్ వేసిన ప్రతిసారీ తిరుగుద్ది, మన పనికి కుదరదు. తాటి దోనె కూడా అంతే, నిలబడ్డానికి వెడల్పు చాలదు.

ఇక దేనితో చేసింది తీసుకోవాలి అంటే నా ఓటు అల్యూమినియంకే. 10 అడుగులది ఇద్దరు మనుషులు ఎత్తి టాటా ఏస్‌లో పెట్టేయొచ్చు, రాయి తగిలితే సొట్ట పడుతుంది గానీ పగలదు. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళు ఉన్నారు, అల్యూమినియం రేకు వంచడం వాళ్ళకి రోజూ చేసే పనే, కొలతలు గీసిస్తే చేస్తారు, కాకపోతే అతుకులు ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి, ఉత్త రివెట్లు కొట్టి సీలెంట్ పూస్తే ఒక ఎండాకాలానికి కారడం మొదలవుద్ది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడి మధ్యలో నైలాన్ వాషర్ వెయ్యండి, లేకపోతే ఆ చోట అల్యూమినియం తెల్లగా పొడి పొడిగా తినేస్తుంది. అల్యూమినియంతో రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి, ఒకటి చప్పుడు, రెండోది మన ఎండ. రోహిణి కార్తెలో ఆ రేకు మీద ఉత్తికాళ్ళతో నిలబడలేరు. రెండిటికీ మందు ఒకటే, దాని సంగతి కింద చెప్తా.

సొంతంగా కట్టుకోవాలనే సరదా ఉంటే ప్లైవుడ్. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, పక్కలకి 6 ఎంఎం, అడుక్కి 9 ఎంఎం. షీటు 8 అడుగులే వస్తుంది కాబట్టి 8 అడుగుల లోపు పడవ అయితే అతుకు లేకుండా అయిపోద్ది. ముక్కల్ని తీగతో కుట్టి, కీళ్ళకి ఎపాక్సీ (రెండు డబ్బాలవి కలిపితే గట్టిపడే జిగురు) పట్టించి, బయట గ్లాస్ క్లాత్ వేస్తారు. మన దగ్గర జాగ్రత్త ఏంటంటే 40 డిగ్రీల వేడికి ఎపాక్సీ డబ్బాలోనే పొగలొచ్చి గట్టిపడిపోద్ది, కాబట్టి కొంచెం కొంచెం కలుపుకుని తెల్లారుజామున పని పెట్టుకోవాలి, వీలైతే డిసెంబర్ జనవరిలో కట్టండి. అడుగున పొడుగ్గా రెండు చెక్క పట్టీలు కొట్టిస్తే గట్టు మీదకి లాగినప్పుడు అడుగు అరగదు, తెడ్డు వేస్తే పడవ వంకర పోకుండా తిన్నగా కూడా పోతుంది.

తేలడం గురించి. చెక్క ఎలాగూ తేలుతుంది, అల్యూమినియం తేలదు, ఫైబర్ కూడా తేలదు, వాటికి సీట్ల కింద ఫోమ్ ఉండి తీరాలి. ఘనపుటడుగు ఫోమ్ నీళ్ళల్లో దాదాపు 27 కిలోలు ఎత్తి పట్టుకుంటుంది, ఇలాంటి పడవకి మూడు నాలుగు ఘనపుటడుగులు పెట్టండి, సగం ముందు సగం వెనక, అన్నీ ఒక చోటే పెడితే మునిగినప్పుడు పడవ నిలువుగా లేస్తుంది. థర్మోకోల్ పెట్టి దాని మీద పాలిస్టర్ రెజిన్ పొయ్యకండి, థర్మోకోల్ కరిగిపోతుంది, పెట్రోల్ పడినా అంతే. ఫోమ్ దొరక్కపోతే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు మూత బిగించి వల సంచిలో కట్టి సీటు కింద కుక్కండి, పాతిక సీసాలు దాదాపు 50 కిలోలు మోస్తాయి. అమ్మేవాడు ఫోమ్ ఉంది అంటే వేలితో కొట్టి వదిలెయ్యకండి, మూత విప్పించి కళ్ళతో చూడండి.

లోపల అమరిక దగ్గర మామూలు పడవకీ ఫ్లై ఫిషింగ్ పడవకీ తేడా వస్తది. చేత్తో లాగిన లైన్ అంతా మీ కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది, కొరమీను కొట్టిన క్షణంలోనో, పెద్ద కాస్ట్ వదిలిన క్షణంలోనో అది ఒక బోల్టు తలకి, తాడు కొసకి, చెప్పు పట్టీకి తగులుకుంటే అంతే సంగతులు. కాబట్టి మీరు నిలబడే చోట నేల నున్నగా ఉండాలి. బోల్టు తలలు లోపలికి పొడుచుకు రాకూడదు, తాడు కట్టే కొక్కేలు బయట వైపు పెట్టించండి, తెడ్డు కొయ్యలు తీసి పక్కన పెట్టుకునేలా ఉండాలి, సామాను పెట్టె, లంగరు, నీళ్ళ క్యాను అన్నీ వెనక సీటు కింద. తియ్యలేనివి ఏమన్నా మిగిలితే పాత దోమతెర కప్పెయ్యండి, లైన్ దాని మీద జారిపోద్ది, చాలా పనికొచ్చే చిట్కా ఇది. లేదంటే నడుము దాకా వచ్చే ప్లాస్టిక్ బట్టల బుట్ట ఒకటి ముందు పెట్టుకుని లైన్ అందులోకి లాక్కోవచ్చు, దాని గళ్ళు సన్నగా ఉండేది చూసుకోండి.

నేల మీద యోగా మ్యాట్ మందాన రబ్బరు షీటు అంటించండి. ఇందాక చెప్పిన మందు ఇదే, పాదాలు కాలవు, చప్పుడు నీళ్ళల్లోకి పోదు. నిశ్శబ్దంగా ఉన్న చెరువులో రేకు మీద రాడ్ పడినా చాలు, లోతు తక్కువ చోట చేప అక్కడ నుంచి వెళ్ళిపోతుంది. లేత రంగు షీటు తీసుకోండి, నల్లది వేడి పట్టేస్తుంది.

నిలబడ్డానికి ఎత్తుగా ఒక బల్ల కట్టించుకోవాలని చాలామందికి ఉంటుంది. 10 అడుగుల పడవలో అది వద్దు, ఎత్తు పెరిగిన కొద్దీ ఒరుగుడు పెరుగుతుంది.

ఫ్లై రాడ్లు ఎక్కువగా 9 అడుగులు ఉంటాయి కాబట్టి రెండో రాడ్‌ని ఎక్కడ పెడతారో ముందే ఆలోచించండి. పక్క చెక్క లోపలి అంచు కింద పడుకోబెట్టి, కొన వైపు సన్నటి పీవీసీ పైపులోకి దూర్చేస్తే ఎవరూ తొక్కరు. నేను 8 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే ఎంత బరువు లైన్‌కి సరిపోతుందో చెప్పే నంబరు) మీద బరువైన లీడర్‌తో, అంటే లైన్ కొసకి కట్టే దారంతో, నీళ్ళ మీద తేలే కప్పలాంటి ఎర, పాపర్, కట్టి కొరమీనుకి ఉంచుతా, కొక్కెం గడ్డి పట్టకుండా అడ్డం ఉన్నది. 5 వెయిట్ మీద చిన్న నింఫ్ (నీటి పురుగు పిల్లలా కట్టిన ఎర) జిలేబీ చేపకి.

తెడ్లు సుమారుగా పడవ వెడల్పుకి రెట్టింపు పొడవుండాలి, మూడున్నర అడుగుల వెడల్పు పడవకి 7 అడుగులు. వీటితో పాటు ఒక వెదురు గెడ తప్పకుండా పెట్టుకోండి. మన చెరువుల్లో సగం గుర్రపుడెక్క, తామర, నాచు, అక్కడ తెడ్డు చిక్కుకుంటది, మోటారు పంకా అసలు తిరగదు, గెడ ఒక్కటే పనిచేస్తుంది, పైగా చడీచప్పుడు లేకుండా చేప దగ్గరికి తీసుకెళ్తది.

లంగర్లు రెండు కావాలి, ముందొకటి వెనకొకటి. ఒకటే వేస్తే గాలికి పడవ ఊగుతా ఉంటది, మీరు వేసిన లైన్ వదులైపోతుంది, చేప తాకినా తెలీదు. బురద నేల కాబట్టి పెయింట్ డబ్బాలో సిమెంట్ పోసి కొక్కెం గుచ్చినవి చాలు, ఒక్కోటి ఐదారు కిలోలు. తాడు లోతుకి మూడు నాలుగు రెట్లు వదలాలి. గాలి గట్టిగా ఉన్నప్పుడు, లేదా పారే నీళ్ళల్లో, వెనక వైపు లంగరు ఒక్కటే ఎప్పుడూ వెయ్యొద్దు, వెనక అంచు మీద నుంచి నీళ్ళు లోపలికొస్తాయి. లంగరు లేకుండా గాలికి కొట్టుకుపోతూ వేసే పద్ధతి ఒకటుంది, స్కాట్లాండ్ సరస్సుల్లో పడవని గాలికి అడ్డంగా వదిలేసి ముందుకి వేసుకుంటూ పోతారు. దానికి వేగం తగ్గించే గుడ్డ గొడుగు లాంటిది నీళ్ళల్లో వదులుతారు, మనం పాత ఫ్లెక్సీ మీటరు చదరం కోసి నాలుగు మూలలకీ తాళ్ళు కట్టి గాలి వచ్చే వైపు వదిలితే అదే పని చేస్తుంది. అలా వెళ్ళేటప్పుడు కుడిచేతి వాటం ఆయన కుడి చివర నిలబడాలి, అప్పుడు కొక్కెం రెండో మనిషి తల మీద నుంచి పోదు. కళ్ళజోడు ఇద్దరికీ ఉండాల్సిందే, కొక్కెం ముల్లు కటింగ్ ప్లేయర్‌తో నొక్కేసుకుంటే గుచ్చుకున్నా బయటకి వచ్చేస్తది.

మోటారు ఆఖర్న కొనండి. 12 వోల్ట్ ఎలక్ట్రిక్ మోటారు, 30 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం) ఉన్నది ఇలాంటి పడవకి ఎక్కువే. ఫుల్ మీద దాదాపు 30 ఆంపియర్లు తాగుతుంది కాబట్టి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీలో సగం వాడుకున్నా గంటన్నర, నెమ్మదిగా పోతే చాలా ఎక్కువ. ఇంట్లో ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి పెట్టొద్దు, అది ఒక మనిషి బరువు ఉంటది, లిథియంది 12 కిలోల్లో అయిపోతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వెయ్యండి. మోటారు పెడితే 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి కూడా అడిగి తెలుసుకోండి.

చెరువు ఎవరిదో ముందు కనుక్కోవాలి. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాలకో వేలం పాడుకున్న వాళ్ళకో ఉంటాయి, వాళ్ళు డబ్బు పెట్టి పిల్లలు వదిలిన బొచ్చె, శీలావతి అవి, అడగకుండా దిగడం దొంగతనమే. వెళ్ళి మర్యాదగా అడిగితే, పట్టింది మళ్ళీ వదిలేస్తామని చెప్తే, ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. కొల్లేరు అభయారణ్యం, ఉప్పలపాడు పక్షుల చెరువు, వీటి జోలికి వద్దు. వానాకాలంలో కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీళ్ళ పైన బుడగలేస్తూ కనపడితే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏది వేసినా కొడతాయి, దయచేసి వెయ్యకండి, వాటిని తీసేస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే పోతాయి.

కృష్ణలో అయితే ఇంకా జాగ్రత్త. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు, లైఫ్ జాకెట్లు లేవు. జాకెట్ సీటు కింద పెట్టుకోవడం కాదు, గట్టు మీదే తొడుక్కుని బకిల్ పెట్టుకుని ఎక్కాలి, ఈతొచ్చినా సరే. బ్యారేజీ వైపు అసలు పోవద్దు. 2024 సెప్టెంబర్ వరదకి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లనే (గేటు తేలిగ్గా లేవడానికి పెట్టే బరువు దిమ్మెలు) విరగ్గొట్టాయి, కాబట్టి మీ చిన్న పడవని కూడా వానాకాలంలో ఒడ్డున కట్టి వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకుని బోర్లించండి. ఏప్రిల్ మే సాయంత్రాలు ఈదురుగాలి చెప్పాపెట్టకుండా వస్తది, పడమర నల్లబడిందంటే లైన్ చుట్టేసి ఒడ్డుకి వచ్చెయ్యండి, గ్రాఫైట్ రాడ్ కరెంటు పట్టే వస్తువు, ఉరుముతుంటే దాన్ని పైకెత్తి నిలబడకూడదు.

మొదటి రోజు చేపల కోసం వెళ్ళొద్దు. నడుము లోతులో, జాకెట్లు తొడుక్కుని, ఒడ్డున ఇంకో మనిషిని నిలబెట్టుకుని, ఇద్దరూ ఒకే పక్కన నిలబడి చూడండి, తర్వాత బకెట్‌తో నీళ్ళు పోసి పడవని నింపెయ్యండి, అంచు నీళ్ళ పైన ఉందో లేదో, పట్టుకుని వేలాడితే మిమ్మల్ని మొయ్యగలుగుతుందో లేదో చూసుకోండి. మొయ్యకపోతే ఇంకో పది సీసాలు కట్టి మళ్ళీ నింపండి.